రాయి నీరు త్రాగునా?

కోలారు పట్టణం ప్రక్కన శతశృంగ పర్వతం ఉన్నది. ఆ కొండ మీద అంతరగంగ అనే క్షేత్రం ఉన్నది. అక్కడి కోనేటిలోకి రాతి బసవన్న నోటి నుండి నీటిధార పడుతూ ఉంటుంది. మండువేసవిలో కొండ ఎక్కి వచ్చిన యాత్రికులు ఆ నీటిని దోసిలి పట్టి త్రాగి, "ఈ నీరు ఎక్కడి నుండి వస్తుందో ఎవరికి తెలుసు?" అని ఆశ్చర్యపడతారు. చుట్టూ చూస్తే గుట్టలు గుట్టలుగా బండరాళ్ళు. ఆ రాళ్ళలో నీరెక్కడ దాగి ఉన్నది? రాయి నీరు త్రాగుతుందా? త్రాగితే మరల బయటికి విడుస్తుందా?

ఇది యాత్రికుల వినోదానికి పుట్టిన ప్రశ్న కాదు. కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. నందికొండల దగ్గర పుట్టిన పాలారు వానలు పడితేనే పారుతుంది. ఏడాదికి కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. ఆ వానను పట్టి ఉంచడానికి పూర్వులు వందల కొద్దీ చెరువులు తవ్వించారు, బావులు తవ్వుకున్నారు. బావులు ఎండినచోట ఇప్పుడు బోర్లు వేస్తున్నారు. బోరు వేసే యంత్రం ప్రక్కన నిలబడిన రైతు రాతిపొడి ఎగసిపడుతున్నంతసేపూ తడిమట్టి ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూస్తాడు. అతడు తెచ్చిన అప్పు తీరుతుందా లేదా అన్నది ఆ రాయి లోపలి సంగతి మీద ఆధారపడి ఉంటుంది.

నీటికీ రాతికీ గల సంబంధాన్ని చెప్పడానికి తెలుగులో ఎన్నో మాటలున్నాయి. తడవడం, నానడం, పీల్చడం, ఇంకడం, ఊరడం, చెమర్చడం. ఇవి ఒకే అర్థం గల పర్యాయపదాలు కావు. వానలో బండ తడుస్తుంది, కాని నానదు. చెరువులో నీరు ఇంకుతుంది, బావిలో నీరు ఊరుతుంది. క్రొత్త కుండ చెమరుస్తుంది. ఈ మాటలను పల్లెల్లో ఎవరూ ఒకదాని బదులు ఒకటి వాడరు. శాస్త్రజ్ఞులు ఈ పనులను విడివిడిగా కొలిచే ఉపాయాలు కనిపెట్టారు. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి తడవడం, రెండవది ఇంకడం.

ఇంటి దగ్గరే ఒక ప్రయోగం చేయవచ్చు. ఒక ఇటుక ముక్క, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన నల్లరాతి పలక, ఒక తామరాకు తీసుకోండి. తామరాకు దొరకకపోతే చేమాకు చాలు. మూడింటి మీదా ఒక్కొక్క నీటిబొట్టు వేయండి. ఆకు మీద బొట్టు ముత్యంలా గుండ్రంగా నిలిచి, కాస్త వంచితే జారిపోతుంది. నల్లరాతి మీద బొట్టు పలుచగా పరచుకుంటుంది, కాని ఎంతసేపున్నా లోపలికి పోదు, చివరికి గాలికి ఆరిపోతుంది. ఇటుక మీద బొట్టు పరచుకుంటూనే మాయమవుతుంది. ఆకు తడవలేదు. నల్లరాయి తడిసింది గాని పీల్చలేదు. ఇటుక తడిసింది, పీల్చింది కూడా.

తడవడాన్ని కొలవడానికి బొట్టు ఆకారమే సాధనం. బొట్టు అంచు రాతిని తాకేచోట నీటి లోపలి వైపున ఒక కోణం ఏర్పడుతుంది. దానిని స్పర్శకోణం అంటారు. అది 90 డిగ్రీల కంటే తక్కువైతే ఆ ద్రవం ఆ వస్తువును తడుపుతుందని, ఎక్కువైతే తడపదని అర్థం. 1805లో థామస్ యంగ్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఈ కోణం ఎందుకు ఏర్పడుతుందో వివరించాడు. బొట్టును తనలోనికి లాగుకొనే నీటి బలానికీ, దానిని పరచి ఉంచాలని చూసే రాతి ఆకర్షణకూ జరిగే పోటీలో ఈ కోణం నిర్ణయమవుతుంది. ఈ పరీక్షకు శుభ్రత చాలా అవసరం. నల్లరాతి పలక మీద నూనె చేయి ఒక్కసారి రాచి మళ్ళీ బొట్టు వేసి చూడండి. ఈసారి బొట్టు అంతగా పరచుకోదు. రాయి మారలేదు, దాని మీది పైపూత మాత్రమే మారింది.

ఒక ద్రవం ఒక వస్తువును తడిపి, దాని ప్రక్కనే ఉన్న మరొక వస్తువును తడపకపోవచ్చు. కోలారు బంగారు గనులలో ఈ గుణాన్ని ఎన్నో ఏళ్ళు ఉపయోగించుకున్నారు. 1880లో జాన్ టేలర్ కంపెనీ ఇక్కడ పని మొదలుపెట్టింది. గని నుండి తెచ్చిన రాతిని పెద్ద పెద్ద ఇనుప రోకళ్ళ వంటి యంత్రాలతో దంచి, ఆ పొడిని నీటితో కలిపి, పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారించేవారు. పాదరసం బంగారాన్ని తడుపుతుంది, రాతిని తడపదు. అందుచేత బంగారు రేణువులు పలకకు అంటుకొని నిలిచిపోయేవి, రాతిపొడి నీటితో పాటు సాగిపోయేది. అలా చిక్కని సన్నని రేణువులను తరువాత సైనైడు ద్రావణంలో కరిగించి తీసేవారు. పాదరసమూ సైనైడూ రెండూ విషాలేనన్న మాట ఇక్కడ మరువరాదు.

ఇక ఇంకడం సంగతి. ద్రవం లోపలికి పోవాలంటే రాతికి దాని మీద ఇష్టం ఉంటే చాలదు, లోపల చోటు ఉండాలి. ఆ చోటును కొలిచే పద్ధతి ఇది. ఇటుకను వేడి పెట్టెలో బాగా ఆరబెట్టి తూచాలి. తరువాత 24 గంటలు నీటిలో నానబెట్టి, పైతడి తుడిచి మళ్ళీ తూచాలి. రెండున్నర కిలోల ఇటుక నానిన తరువాత 2 కిలోల 875 గ్రాములు తూగితే, అది 375 గ్రాముల నీరు త్రాగినట్లు. అంటే తన బరువులో నూటికి 15 వంతులు. సాధారణపు ఇటుక నూటికి 20 వంతులకు మించి నీరు పీల్చరాదని మన దేశపు ప్రమాణం చెబుతున్నది. ఇదే పరీక్ష మంచి నల్లరాతికి చేస్తే నూటికి అర వంతు కూడా పెరగదు. కోలారు జిల్లా అడుగున చాలా భాగం ఇటువంటి గట్టి రాయే. గనులున్న చోట ఉత్తర దక్షిణాలుగా సుమారు 80 కిలోమీటర్ల పొడవున ఒక సన్నని పట్టీలా మరొక జాతి శిల ఉన్నది. అదీ గట్టిదే.

అయితే అదే గట్టి రాయి మరొక రూపంలో నీరు త్రాగుతుంది. ఉరిగాం, చాంపియన్ రీఫ్ పరిసరాలలో గనుల రాతిపొడితో పడిన దిబ్బలు చిన్న కొండల్లా నిలిచి ఉన్నాయి. ఊరివారు వాటిని సైనైడు దిబ్బలంటారు. ఎండాకాలపు గాలికి వాటి పొడి లేచి ఇళ్ళలోకి వస్తుంది, వానకు దిబ్బల ప్రక్కలు గాళ్ళు పడతాయి. ఆ పొడి ఒకప్పుడు చుక్క నీరు కూడా దూరని రాయి. దంచిన తరువాత రేణువుకూ రేణువుకూ మధ్య సందులేర్పడ్డాయి. వదులుగా పోసిన ఇసుకలో మూడవ వంతు వరకు ఖాళీయే ఉంటుంది. రాతికి నీటి మీద ఇష్టం మొదటి నుండీ ఉన్నది. దంచడం వలన చోటు కలిగింది.

భూమి పొరలలో ద్రవాన్ని నిల్వ చేసుకొనే రాతిని నిల్వశిల అనవచ్చు. అందులో ఉండేది నీరే కానక్కరలేదు. గోదావరి కృష్ణా డెల్టాల క్రింద ఇసుకరాతి పొరలలో ముడినూనె, సహజవాయువు ఉన్నాయి. బొంబాయి సముద్రంలో 1974లో బయటపడిన బాంబే హై నూనె క్షేత్రంలో నిల్వశిల సున్నపురాయి. నూనె అక్కడేమీ చెరువులా నిలిచి ఉండదు. కంటికి కనబడని సందులలో నీటితో పాటు అంటుకొని ఉంటుంది. బావి త్రవ్వగానే అంతా పైకి రాదు. ప్రపంచంలోని నూనె క్షేత్రాలను సగటున చూస్తే, ఉన్న నూనెలో సుమారు మూడవ వంతు మాత్రమే పైకి వస్తుంది. మిగిలినది రాతిలోనే ఉండిపోతుంది. దానిని కొంతైనా కదిలించడానికి మరొక బావి గుండా నీటిని లోపలికి నెడతారు. ఆ నీరు సందులలోకి దూరి నూనెను వెళ్ళగొడుతుందా, లేక నూనెను వదిలి తన దారిన తాను పోతుందా అన్నది ఆ రాయి ఎవరి పక్షమో దానిని బట్టి ఉంటుంది.

రాయి పక్షం మారుతుందా అన్న అనుమానం రావచ్చు. మన వంటిళ్ళలో దీనికి ఉదాహరణ ఉన్నది. క్రొత్త మట్టికుండలో నీరు పోస్తే కుండ పీల్చుకొని, పైన చెమర్చి, నీటిని చల్లబరుస్తుంది. అదే కుండలో ఏళ్ళ తరబడి నూనె పోసి ఉంచితే నూనె దాని సందులన్నిటికీ పట్టేస్తుంది. ఆపైన ఎంత తోమినా అది చల్లని నీళ్ళ కుండగా పనికిరాదు. మట్టి అదే, సందులూ అవే. లక్షల ఏళ్ళు ముడినూనెను మోసిన రాయి కూడా కొన్నిచోట్ల ఇలాగే నూనె పక్షం వహిస్తుంది. ఇసుకరాళ్ళలో నీటి పక్షం వహించేవి ఎక్కువ, సున్నపురాళ్ళలో నూనె వైపు మొగ్గేవి ఎక్కువ. అయినా ఇది అన్నిచోట్లా నిజం కాదు గనుక ప్రతి క్షేత్రంలోనూ కొలిచి చూడక తప్పదు.

దీనిని కొలవడానికి 1959లో అమాట్ అనే శాస్త్రజ్ఞుడు ఒక చక్కని పద్ధతి ప్రకటించాడు. బావి అడుగు నుండి తెచ్చిన రాతిని బొటనవ్రేలి కంటే కొంచెం లావైన చిన్న స్తంభంగా కోస్తారు. దాని సందులలో కొద్దిపాటి నీరు మాత్రం మిగిలేటట్లు నూనె నింపుతారు. తరువాత దానిని నీరున్న గాజు పాత్రలో ఉంచుతారు. పాత్ర మెడ సన్నగా ఉండి, దాని మీద కొలత గీతలుంటాయి. రాతికి నీరు ఇష్టమైతే ఎవరూ బలవంతపెట్టకుండానే నీటిని లోపలికి పీల్చుకొని నూనెను బయటికి వదులుతుంది. ఆ నూనె బొట్లు బొట్లుగా తేలి పాత్ర మెడలో చేరుతుంది. ఎంత చేరిందో గీతల సాయంతో చదువుతారు. ఇది గంటలలో ముగియవచ్చు, వారాలు పట్టవచ్చు. ఇక బొట్లు రావడం ఆగిన తరువాత అదే రాతిలోకి బలవంతంగా నీటిని నెట్టి, అప్పుడు వచ్చిన నూనెను వేరుగా కొలుస్తారు.

తనంతట తానుగా 3 మిల్లీలీటర్ల నూనె వచ్చి, బలవంతం మీద మరొక మిల్లీలీటరు వచ్చిందనుకుందాం. మొత్తం నాలుగు. తనంతట వచ్చినది నాలుగింట మూడు వంతులు, అంటే 0.75. ఈ సంఖ్య ఒకటికి దగ్గరగా ఉంటే రాయి నీటి పక్షం. సున్నా అయితే నీటి మీద దానికి ఇష్టం లేదు. తరువాత ఇదే పరీక్షను తిరగవేసి, నీటితో నింపిన రాతిని నూనెలో ఉంచి చూస్తారు. రెండు పరీక్షలలోనూ సున్నాయే వస్తే ఆ రాయి ఎవరి పక్షమూ కాదు. పద్ధతి ఎంత సులువైనదో! కష్టమంతా రాతిని దాని సహజస్థితిలో పైకి తేవడంలో ఉన్నది. త్రవ్వేటప్పుడు వాడే బురద, పైకి రాగానే సోకే గాలి, శుభ్రపరచడానికి వాడే ద్రావకాలు రాతి స్వభావాన్నే మార్చివేస్తాయి. అందుకని కడిగిన రాతిని మరల ముడినూనెలో, భూగర్భంలో ఉండేంత వేడిలో, వారాల తరబడి ఉంచి, తరువాతే పరీక్ష చేస్తారు. నూనెకుండను మళ్ళీ నూనెకుండగా చేయడమన్నమాట.

కోలారు నేల క్రింద ముడినూనె లేదు. అక్కడి రాయి నీటి పక్షమే. దాని చిక్కు చోటు లేకపోవడంలో ఉన్నది. ఉన్న కాస్త చోటూ రెండు చోట్ల దొరుకుతుంది. ఎండకూ వానకూ వేల ఏళ్ళుగా చివికిన పైపొర ఒకటి. బావి తవ్వేవారు దీనిని మొరం అంటారు. పూర్వపు దిగుడుబావులన్నీ ఈ పొరలోని నీటి మీదే బ్రతికాయి. రెండవది లోపలి గట్టి రాతిలోని పగుళ్ళు. అంతరగంగ వంటి కొండల ఊటలు ఇటువంటి పగుళ్ళ గుండానే వస్తాయి. బోరు పగులుకు తగిలితే నీరు, తగలకపోతే పొడి. ప్రక్క ప్రక్కన వేసిన రెండు బోర్లలో ఒకటి నిండడానికీ ఒకటి ఎండడానికీ ఇదే కారణం. వెయ్యి అడుగులు దాటి వెళ్ళినంత మాత్రాన రాతిలో చోటు పుట్టదు. చాంపియన్ రీఫ్ గని సుమారు 3,200 మీటర్ల లోతుకు దిగింది. గనులు నడిచినంతకాలం పగుళ్ళ నుండి చేరే నీటిని పంపులతో తోడి పోయవలసి వచ్చేది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత తోడడం ఆగి, సొరంగాలు నీటితో నిండసాగాయి.

నేల ఎంత వేగంగా నీరు త్రాగుతుందో కొలవడానికి రెండు ఇనుప వలయాలు చాలు. ఒకటి 30, మరొకటి 60 సెంటీమీటర్ల వెడల్పుగలవి. చిన్నదానిని పెద్దదాని నడుమ ఉంచి, రెండింటినీ నేలలోకి కొంత దిగగొట్టి నీరు పోస్తారు. లోపలి వలయంలో నీరు గంటకు ఎంత దిగిందో కొలుస్తారు. వెలుపలి వలయం ఎందుకని అడగవచ్చు. అందులోని నీరు ప్రక్కలకు పోయి, లోపలి నీరు నిట్టనిలువుగా దిగేటట్లు చేస్తుంది. మొదట నీరు గబగబా ఇంకి, క్రమంగా మందగించి, చివరికి ఒకే వేగం దగ్గర నిలుస్తుంది. ఆ చివరి వేగమే నమ్మదగినది.

1997లో కేంద్ర ప్రభుత్వపు భూగర్భజల అంచనా సంఘం ఇటువంటి అనుభవాలను బట్టి కొన్ని ప్రమాణాలు ఇచ్చింది. నదీ మైదానపు ఒండ్రునేలలో కురిసిన వానలో నూటికి 22 వంతులు భూగర్భానికి చేరుతుంది. చివికిన నల్లరాతి నేలలో బంకమట్టి తక్కువైతే 11 వంతులు, ఎక్కువైతే 8 వంతులు. పగుళ్ళు అంతగా లేని గట్టి బండలో ఒక్క వంతు. ఈ లెక్కన కోలారులో 700 మిల్లీమీటర్ల వాన పడితే చివికిన నేలలో 56 నుండి 77 మిల్లీమీటర్లు మాత్రమే లోపలికి పోతుంది. మిగిలినది ఆవిరవుతుంది, మొక్కలు పీల్చుకుంటాయి, లేదా పారిపోతుంది. ఏటా తోడే నీరు ఈ జానెడు లోపు నీటికి మించితే బావి ఎండక ఏమవుతుంది?

ఆ పారిపోయే నీటిని నిలిపి, ఇంకడానికి వ్యవధి ఇచ్చేది చెరువు. చెరువులో నీరున్నన్నాళ్ళూ రోజుకు 1.4 మిల్లీమీటర్ల చొప్పున ఇంకుతుందని అదే సంఘం ప్రమాణం. వినడానికి ఇది ఎంతో స్వల్పం. కాని పది హెక్టార్ల మేర నీరున్న చెరువులో ఇది రోజుకు లక్షా నలభై వేల లీటర్లు. నూరు రోజులు నీరు నిలిస్తే కోటీ నలభై లక్షల లీటర్లు. పూడిక పేరుకున్న చెరువులో నీరు తక్కువ రోజులు నిలుస్తుంది. పైగా పూడికలోని సన్నని బంకమట్టి సందులను మూసివేస్తుంది. బంకమట్టి నీటిని ఎంతో ఇష్టంగా పీలుస్తుంది, కాని క్రిందికి వదలదు. పూర్వం వేసవిలో రైతులు బండ్లు కట్టి చెరువుమట్టిని పొలాలకు తోలుకొనేవారు. పొలానికి ఎరువు, చెరువుకు చోటు.

వాన చాలనప్పుడు చెరువులో పోయడానికి మరొక నీరు కావాలి. బెంగుళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా కోలారు జిల్లా చెరువులకు పంపే కోరమంగల చల్లఘట్ట లోయ పథకం 2018 జూన్‌లో మొదలైంది. ఆ నీరు మొట్టమొదట చేరినది లక్ష్మీసాగర చెరువు. ఆ నీటిని నేరుగా పొలాలకు పెట్టడం పథకం ఉద్దేశం కాదు, నేలలోకి ఇంకించడం. చెరువుల దాపున ఉన్న బావులలోకీ బోర్లలోకీ నీరు వచ్చిందని సంతోషించినవారున్నారు. శుద్ధి రెండు అంచెలతో ఆపరాదని, మూడవ అంచె కూడా జరగాలని వాదించినవారూ ఉన్నారు. వారి భయం తోసివేయదగినది కాదు. మొరం పొర కొంత మురికిని వడగడుతుంది, కాని నీటిలో కరిగిపోయిన లవణాలను అది చాలావరకు ఆపలేదు. గట్టి రాతి పగుళ్ళలోనైతే ఆ కొంచెం వడపోత కూడా ఉండదు. అందుచేత అటువంటి చోట్ల ఎంత నీరు ఇంకినదో కొలవడంతో పని తీరదు. ఇంకిన నీరు బావిలో ఊరిన తరువాత దానిని సీసాలో పట్టి పరీక్షించవలసి ఉంటుంది.

పదములు - అర్థములు

స్పర్శకోణం = బొట్టు అంచు వస్తువును తాకేచోట ఏర్పడే కోణం
నిల్వశిల = సందులలో ద్రవాన్ని నిలుపుకొనే రాయి
మొరం = చివికిన రాతినేల
పూడిక = చెరువులో పేరుకొనే మట్టి
దాపు = దగ్గర

అభ్యాసము

అ. ఈ క్రింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో జవాబులు వ్రాయండి.
1. నల్లరాయి తడుస్తుంది గాని పీల్చదు. ఎందుచేత?
2. బంగారాన్ని రాతిపొడి నుండి వేరుచేయడానికి పాదరసం ఎలా ఉపయోగపడింది?
3. ప్రక్క ప్రక్కన వేసిన రెండు బోర్లలో ఒకదానిలోనే నీరు పడడానికి కారణమేమి?

ఆ. ఒక రాయి తనంతట తానుగా 2 మిల్లీలీటర్ల నూనెను, బలవంతం మీద మరి 6 మిల్లీలీటర్ల నూనెను వదిలినది. అమాట్ పద్ధతిలో లెక్కకట్టి, ఆ రాయికి నీటి మీద ఇష్టం ఎక్కువో తక్కువో చెప్పండి.

ఇ. తడియు, నానుదు, ఇంకు, ఊరు, చెమర్చు: ఈ క్రియలలో సరికాని రూపాన్ని గుర్తించి సరిచేయండి. తరువాత అన్నింటినీ మీ ఊరి నీటి వనరులను గురించిన సొంతవాక్యాలలో ప్రయోగించండి.

ఈ. మీ ఇంటి పెద్దలను అడిగి, వారి చిన్ననాట మీ ఊరి బావిలో నీరు ఎంత లోతున ఉండేదో, ఇప్పుడు ఎంత లోతున ఉన్నదో తెలుసుకొని పది వాక్యాలలో వ్రాయండి.